ఇరవై ఏడు ఫారాలు

ఇరవై ఏడు ఫారాలనూ నాలుగోసారి చదివి నూర్ అహమ్మద్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. గురువారం ఉదయం పది దాటి ఐదు నిమిషాలు. సాయంత్రం ఐదింటికల్లా ఆయన ఒక కాగితం కింద సంతకం పెట్టాలి. ఆ కాగితం రాసే శ్రమ కూడా ఆయనకు లేదు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శ్రీరంగప్ప నిన్ననే టైపు కొట్టించి, సంతకానికి చోటు వదిలి మరీ ఇచ్చిపోయాడు. 'హనుమంతరాయుడు తన ఇష్టప్రకారమే రాజీనామా చేసి ఊరు విడిచి వెళ్లినట్లు విచారణలో తేలింది. ఇందులో నేరమేమీ లేదు.' అంతే, రెండు వాక్యాలు.

పెట్టేస్తే ఒక పని తీరిపోతుంది. ముప్పై ఒక్క ఏళ్లు పోలీసు కొలువులో తిరిగి తిరిగి ఆయనకు ఈ మధ్య నిజం కంటే నిద్ర మీద మక్కువ ఎక్కువైంది. ఇంకో రెండు నెలలు గడిస్తే సి.ఐ.డి. ఇన్‌స్పెక్టరు కాస్తా గోరంట్లలో సొంత ఇంటి అరుగు మీద కూర్చునే ముసలాయన అవుతాడు. అప్పుడు ఎవడు దొంగైనా, ఎవడు దొరైనా ఆయనకు పట్టదు.

అయినా కలం తీయలేదు. ఈ ఫారాల్లో ఎక్కడో ఒక రాయి పంటికి తగులుతోంది, అది ఏ ముద్దలో ఉందో తెలియడం లేదు.

హనుమంతరాయుడు ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ఎక్కాలు నేర్చిన మనిషి. బళ్లారిలో సత్రం కూడు తిని హైస్కూలు, మదరాసులో అర్థశాస్త్రం ఎం.ఏ., బొంబాయిలో ఒక పెద్ద బ్యాంకు పరిశోధన శాఖలో పదకొండేళ్లు. కరువు నేల మీద అప్పు ఎందుకు తీరదో ఆయన రాసిన పుస్తకం ఢిల్లీ దాకా పోయింది. ఐదేళ్ల కిందట ఆ కుర్చీ వదులుకుని, సీమ ప్రాంతీయ కేంద్ర బ్యాంకుకు అధ్యక్షుడిగా అనంతపురం వచ్చాడు. పెళ్లాం పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఇప్పుడు నూర్ అహమ్మద్ కూర్చున్న ఈ ఆఫీసు గదీ, ధర్మవరంలో ఒక అక్కా.

ఆయన ఈ ఏడాది రాసిన నివేదికలో ఉన్నది ఒక్కటే మాట. నేతగాడికీ, బావి కింద రైతుకీ షావుకారి పూచీ లేకుండా బ్యాంకు నేరుగా అప్పివ్వవచ్చు, వాళ్లు తీరుస్తారు. రేపు పదకొండింటికి హైదరాబాదు నుంచి బోర్డు వచ్చి దాని మీద తీర్మానం చేయాలి.

ఇంతలో మొన్న శనివారం సాయంత్రం ఐదూ నలభైకి బ్యాంకు మెట్లు దిగిన మనిషి ఇల్లు చేరలేదు. సోమవారం తొమ్మిదింటికి టపాలో ఒక కట్ట వచ్చింది. గుంతకల్లు ముద్ర, ఆదివారం తేదీ. లోపల రాజీనామా, దానితో నేతగాళ్ల ఇంటికొకటి చొప్పున నింపిన ఈ ఇరవై ఏడు ఫారాలు. 'నేను మునుపు రాసుకున్న ఫారాలు తప్పులతడకలు. ఏప్రిల్ ఇరవై బుధవారం మళ్లీ ధర్మవరం వెళ్లి ఇల్లిల్లూ విచారించాను. నేతగాళ్లకు షావుకార్ల పూచీయే మేలు. నా నివేదిక వాపసు తీసుకుంటున్నాను.' చేతిరాత ఆయనదే, సంతకం ఆయనదే.

నూర్ అహమ్మద్ సంతకం పెట్టిన మరుక్షణం ఆ నివేదిక చెత్తబుట్టలోకి పోతుంది. దానితో పాటు హనుమంతరాయుడు ఇన్నేళ్లూ సంపాదించుకున్న పేరు కూడా. అన్నిటికంటే ముఖ్యం, ఆ మనిషిని ఇక ఎవరూ వెతకరు. ఇష్టంతో పోయినవాణ్ణి వెతకడం పోలీసుల పని కాదు.

నూర్ అహమ్మద్ ఫ్లాస్కు మూత తీసి నీళ్లు రెండు గుక్కలు తాగాడు. కొబ్బరినీళ్లలా ఉన్నాయి. ట్రావెలర్సు బంగళాలో కొళాయి ఎండిపోయిందని, శ్రీరంగప్పే ఆయనకు ఊరికి నాలుగు మైళ్ల దూరంలో గోవిందప్ప తోట బంగళాలో బస పెట్టించాడు. గోవిందప్పకు చెనిక్కాయల నూనె మిల్లు ఉంది, ఊళ్లో సగం మందికి పూచీ ఉంది, ఈ బ్యాంకుకు ఆయనే ఉపాధ్యక్షుడు. శ్రీరంగప్ప మాట కాదనలేక ఒప్పుకున్నాడట, అయినా మర్యాదకు లోటు చేయలేదు. చిక్కల్లా ఒక్కటే వచ్చింది. బావి వైపు నుంచి టక్కుటక్కుమని, కాస్త ఆగి మళ్లీ టక్కుమని ఒకటే మోత. మంగళవారం రాత్రి కునుకు పట్టలేదు. నిన్న మధ్యాహ్నం కాపలావాణ్ణి పిలిచి కసురుకుంటే, మోటారు బెల్టు వదులైందని చెప్పి నాలుగింటికల్లా సరిచేయించాడు. రాత్రి హాయిగా నిద్రపోయాడు.

"బాబావలీ, ఇట్ల రా."

గుమ్మం పక్కన నిలబడ్డ గుమాస్తా లోపలికి వచ్చాడు. ఐదేళ్లుగా హనుమంతరాయుడి వెంట సంచి మోసుకుని ఊరూరా తిరిగింది ఇతనే.

"అసలు ఫారాలు యాడుంటాయి?"

"ఆ ఇనప్పెట్టెలో సారూ. సోమవారం తెరిస్తే ఖాళీ."

నూర్ అహమ్మద్ వంగి చూశాడు. తాళం మీద గీత లేదు, కప్ప చెక్కుచెదరలేదు. "తాళం చెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి సారు దగ్గర. రూలు ప్రకారం ఇంకోటి ఉపాధ్యక్షుల దగ్గర."

నూర్ అహమ్మద్ గది చుట్టూ నడిచాడు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా నేతగాళ్ల నాడె ఒకటి, మగ్గంలో అటూ ఇటూ పోగు పరిచే కొయ్య, బరువుగా పెట్టి ఉంది, చేతులు తగిలి తగిలి నునుపు తేలిన పాతది. బీరువా వెనక మేకుకు ఒక తాడు చుట్ట వేలాడుతోంది. తాడుకు వరసగా ముళ్లు ఉన్నాయి.

"ఇదేంది?"

"బావుల తాడు సారూ. ముడికీ ముడికీ నడమ ఒక మట్టు, అంటే మనిషి చెయ్యెత్తి నిలబడినంత లోతు. అప్పు తీరుతాదా లేదా అని మనిషిని అడగొద్దు, బావిని అడుగు అంటాండె మా సారు. ఏ ఊరు పోయినా మొదట తాడు ఇడిచి కొలిచినాకనే ఫారం తీస్తాండె. నోటిమాట మీద ఎప్పుడూ రాయలేదు."

నూర్ అహమ్మద్ ఫారాల వైపు తిరిగాడు. ఒక్కో ఫారంలో కింద నుంచి రెండో గడి బావిది. ఇరవై ఏడింటిలోనూ నింపి ఉంది.

"ఇరవయ్యో తేదీ నువ్వు వెంట పోయినావా?"

"లేదు సారూ. ఒక్కడే పోయినాడు. చేతిసంచి కూడా తీసుకోలేదు. తాడు ఈడనే ఉండాది, నేనే తగిలించినా."

పదీ నలభైకి శ్రీరంగప్ప వచ్చాడు. గంజి పెట్టిన చొక్కా, అంతకంటే గంజి పెట్టిన మొహం.

"ఏం సాబూ, సంతకం కాలేదా ఇంకా? ఎస్పీగారు రెండుతూర్లు ఫోను చేసినారు."

"చదువుతాండానప్పా."

"ఎన్నితూర్లు చదివినా అవే అక్షరాలు గదా. రాత ఆయనది. ధర్మవరంలో తొమ్మిది మందిని మీరే అడిగినారు, ఆ పొద్దు ఈదిలోకి వచ్చినాడనే చెప్పిరి. ఇంకేం గావల్ల మీకు?"

"తాడు గావల్ల. తాడు ఈడ ఉంటే ఇరవై ఏడు బావులు దేంతో కొలిచినాడు?"

శ్రీరంగప్ప ఆ తాడును చూసి నవ్వాడు. "కంటితో చూసి రాసింటాడు."

"ఆ మనిషి అట్ల రాసే రకం కాదు."

"సాబూ, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. పోయేముందర పేపర్లో ఫోటో ఏయించుకోవల్లని మీకుంటే ఉండనీ. నేను ఇంకా పద్దెనిమిదేండ్లు గోవిందప్ప లాంటోళ్ల నడమ కొలువు చేయల్ల. ఉప్పు తిన్న ఇంటికి మీరు రెండు వాక్యాలు బాకీ ఉండారు. ఉప్పు మాటేమో గానీ, నీళ్లన్నా తాగినారు గదా."

మామూలుగా అయితే నూర్ అహమ్మద్ ఇలాంటివి విననట్టే ఊరుకుంటాడు. ఆ రోజు అలసట మీద ఉన్నాడు, నోరు జారింది.

"అయితే విను. ఈ సాయంత్రం సంతకం పెట్టను. బోర్డు కూర్చునేలోపల ఫారాల్లో ఉండే బావులన్నీ ఈ తాడుతో కొలిపిస్తా. ఒక్క బావి తప్పయినా ఇవి దొంగ కాగితాలని రాసిస్తా."

శ్రీరంగప్ప నవ్వు మాయమైంది. "మీ ఇష్టం," అని పక్కగదిలోకి పోయాడు. ఫోను తిప్పిన చప్పుడు, తరవాత గోడవతల నుంచి మాటలు. "గోవిందప్పన్నా... ఆ, సంతకం పెట్టడంట... బావులు కొలిపిస్తాడంట, బావులు..." పదకొండుకు పది నిమిషాలు. శ్రీరంగప్ప నిజానికి చెడ్డవాడు కాడు. పెద్దవాళ్ల ఇళ్లలో కాఫీ తాగి తాగి, విన్నదల్లా అక్కడ చెప్పి రావడం అలవాటైనవాడు. నూర్ అహమ్మద్ నాలుక కరుచుకున్నాడు. వలవేసేవాడు చేపకు కబురు పెట్టినట్టయింది.

పదకొండున్నర ధర్మవరం బస్సుకు అంజనమ్మ వచ్చింది. హనుమంతరాయుడి అక్క. పండిన జుట్టు, పట్టుదారం కోసి కోసి గీతలు పడ్డ వేళ్లు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గోడవారన బల్లపీట మీద కూర్చుంది.

"నా తమ్ముడు ఉద్యోగం ఇడిచి పారిపోయినాడని రాస్తాండారంట. ఎవురప్పా ఆ రాసేది?"

"రాసేది నేనేనక్కా," అన్నాడు నూర్ అహమ్మద్. "ఇంకా రాయలేదు."

"వాడేం రాసిపెట్టి పోయినాడో అది నాకు సదివి చెప్పు. నాకు సదువు రాదు."

ఆయన మొదటి ఫారం తీశాడు. "పేరు ఓబన్న. వెళ్లిన తేదీ ఏప్రిల్ ఇరవై, బుధవారం. వేళ ఉదయం తొమ్మిదీ పది. చూసిన పని, మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు, చీర సగమైంది." రెండోది తీశాడు. "నాగలక్ష్మమ్మ. అదే తేదీ, తొమ్మిదీ ముప్పై ఐదు. మగ్గంలో కూర్చుని నేస్తున్నది."

"నిలుపు. ఈ ఇంగ్లీషు తేదీలు నాకు తెల్దు. నిన్న బుధవారమా, దానికి ముందరిదా?"

"దానికి ముందరిది."

"అది అమాస గదా."

"అయితే?"

అంజనమ్మ ఆయన్ను జాలిగా చూసింది, ఇంత పెద్ద ఉద్యోగస్తుడికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "అమాస పొద్దు మా ఈదిలో ఒక్కరూ మగ్గంలో దిగరు సారూ. పెండ్లి చీర అయినా సరే, దొర అడిగినా సరే. నెలకి ఆ ఒక్క పొద్దే మాకు ఇరామం. వాడు అమాసకే ఇంటికి వచ్చేది కూడా అందుకే, నాకు తీరిక ఉండేది ఆ పొద్దే గదా. ఆ బుధవారం వచ్చినాడు, సంగటీ ఊరుబిండీ తిన్యాడు, ఈదిలో నలుగురినీ పలకరిచ్చి సాయంత్రం రైలుకి పోయినాడు. కాగితమూ లేదు, కలమూ లేదు."

నూర్ అహమ్మద్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఫారాలన్నీ గబగబా తిరగేశాడు. ఇరవై ఏడు ఇళ్లు, ఇరవై ఏడు వేళలు. అన్నిటా మగ్గంలో కూర్చుని నేస్తున్నారు.

మంగళవారం తొమ్మిది మందిని నూర్ అహమ్మద్ అడిగింది ఒక్కటే, ఆ రోజు హనుమంతరాయుడు వచ్చినాడా అని. వచ్చినాడన్నారు, అది నిజమే. అప్పుడు మీరేం చేస్తున్నారని అడిగి ఉంటే ఆ పూటే తేలిపోయేది. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవానికి సిగ్గేసింది.

ఊళ్లో పుట్టని గుమాస్తా ఎవడైనా దొంగ ఫారం రాస్తే ఈ తప్పు చేస్తాడు. మగ్గం గుంతలో పుట్టినవాడు చేయడు. రాత మాత్రం హనుమంతరాయుడిదే. ఒక్క ఫారంలో అయితే పొరపాటు అనుకోవచ్చు. ఇరవై ఏడుసార్లు పొరపాటు పడరు. ఎవడో పక్కన కూర్చుని రాయిస్తుంటే, తేదీ తనే చెప్పి, తన వాళ్లు చూస్తే పట్టుకునే అబద్ధాన్ని ఒక్కో కాగితంలో కుట్టుకుంటూ పోయాడు. చదివేవాడు సీమ ఎరిగినవాడు అయితే చాలనుకున్నాడు పాపం. ఆ కాగితాలు మూడు రోజులుగా నూర్ అహమ్మద్ చేతిలోనే ఉన్నాయి.

ఒక అబద్ధం కావాలని చెప్పినవాడు రెండోది కూడా చెప్పి ఉంటాడు. ఆయన వేలు బావి గడి మీద ఆగింది.

"అక్కా, మీ ఈదిలో బావులెన్ని?"

"ఒకటే. పద్నాలుగు మట్లు దిగితే అడుగున బురద."

"ఈడ ఇంటికో బావి రాసినాడు. అన్నిట్లో నీళ్లు రెండు మట్ల లోతున అని." ఆయన తలెత్తాడు. "బాబావలీ, ఈ కరువులో, ఈ చుట్టుపక్కల, రెండు మట్లకే నీళ్లుండే బావి యాడన్నా ఉండాదా?"

బాబావలి బల్ల మీద ఫ్లాస్కు వైపు చూశాడు.

"చెప్పప్పా."

"మీరు తాగుతాండేది ఆ నీళ్లే గదా సారూ. మూడేండ్ల కిందట నేనే తాడు ఇడిచినా. గోవిందప్ప తోట ఒక్కటే, ఎప్పుడూ రెండు మట్లే. బావి లోపల పక్కగా మెట్లు దిగితే మోటారుకి తొలిచిన గది కూడా ఉండాది."

పంటి కింద రాయి దొరికింది. కరువు జిల్లాలో పుట్టి, రెండు మట్ల నీళ్లు అన్న మాట నాలుగుసార్లు చదివి, ఆయనకు అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? కడుపునిండా తాగేవాడికి కరువు గుర్తుండదు. ఆ కాగితాలు రాయించిన గోవిందప్పకూ అంతే. పుట్టినప్పటి నుంచీ తన బావి లోతే లోకంలోని బావులన్నిటి లోతు అనుకునే మనిషికి ఆ అంకె తప్పుగా కనబడలేదు.

టక్కు, టక్కు. కాస్త ఆగి, టక్కు.

నూర్ అహమ్మద్ ఉలిక్కిపడి తిరిగాడు. అంజనమ్మ ఎప్పుడు తీసుకుందో, తమ్ముడి నాడెను ఒళ్లో పెట్టుకుని దాని కొసతో బల్లపీట మీద కొడుతోంది. ఆమె ధ్యాస అక్కడ లేదు.

"అదేందక్కా?"

ఆమె చెయ్యి ఆపింది. "ఏమీ లేదు సారూ. మా నాయన నేస్తాంటే పడుగులో పోగు తెగితే నాడెతో కొయ్య మీద ఇట్ల కొడ్తాండె. రెండు, ఒకటి. పోగు తెగింది, రాండి అని. నేనూ వాడూ యాడ ఆడుకుంటాండినా పరిగెత్తి పోయి ముడి ఏస్తాంటిమి. దిగులైనప్పుడు మా ఇద్దరికీ చెయ్యి దాని పాటికి అదే కొడ్తాది."

తోట బంగళాలో తను విన్న మోత అదే. మంగళవారం రాత్రంతా, బుధవారం మధ్యాహ్నం దాకా, వంద గజాల దూరంలో ఆ మనిషి పిలుస్తూనే ఉన్నాడు. పోలీసు జీపు వచ్చిన చప్పుడు విని ఉంటాడు. సాయానికి ఎవరో వచ్చారని ప్రాణం లేచి వచ్చి ఉంటుంది. నూర్ అహమ్మద్ పక్క మీద దొర్లి, కాపలావాణ్ణి పిలిచి, ఆ పాడు మోత ఆపించమన్నాడు. నిన్న నాలుగు గంటలకు ఆపేశారు. ఎలా ఆపారో ఆయన అడగలేదు, పడుకున్నాడు.

"సారూ, ఏమాయె?" అంది అంజనమ్మ.

ఆయనకు అబద్ధం చెప్పే ఓపిక లేదు, నిజం చెప్పే మొహం లేదు.

అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. పన్నెండు దాటి పది నిమిషాలు. గోవిందప్ప డ్రైవరు తిప్పన్న లోపలికి వచ్చి, తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. వాడి చెప్పులకు ఎర్రమన్ను అంటుకుని ఉంది.

"సారూ, మీ పెట్టే, పరుపూ జీపులోనే తెచ్చినా. ట్రావెలర్సు బంగళాలో దించమన్యారు మా అప్ప. ఈ పొద్దు నుంచి తోటలో ఉండేకి కాదు, పని జరుగుతాండాది."

"ఏం పని?"

"బావి పూడుస్తాండారు సారూ. నీళ్లు చెడిపోయినాయంట. పదకొండు నుంచి రెండు ట్రాక్టర్లు మన్ను తోలుతాండాయి."

బావులు కొలిపిస్తారన్న ఫోను అందిన పది నిమిషాలకే గోవిందప్ప ట్రాక్టర్లు కదిలించాడు. గుక్కెడు నీళ్ల కోసం ఊళ్లకు ఊళ్లు మైళ్లు నడుస్తున్న ఏడాదిలో, నిండా నీళ్లున్న బావిని పూడ్చేవాడు ఈ జిల్లాలో పుట్టలేదు. తిప్పన్నకు కూడా ఆ మాట పైకి అన్నాక గానీ తట్టినట్టు లేదు.

నూర్ అహమ్మద్ మేకు మీది తాడు తీసి భుజాన వేసుకున్నాడు. తిప్పన్న చేతిలోంచి జీపు తాళం చెవి లాక్కున్నాడు. "బాబావలీ, ఎస్పీకి ఫోను చెయ్. శ్రీరంగప్పకి వద్దు, ఎస్పీకి. తోటకి మనుషుల్ని పంపమను, పారలు తెమ్మను."

అంజనమ్మ నాడె చేతిలో పట్టుకుని లేచింది. "యాడికి సారూ?"

"పోగు తెగింది అక్కా," అన్నాడాయన, గడప దాటుతూ. "నిన్నటి నుంచి కొట్టడం లేదు. రా, పోదాం."